ముక్కుతో పలికిన హాజరు

పాలకొల్లు బస్టాండు ఎదుట మా కాలేజీ ఫ్లెక్సీ కట్టిన రోజునే, ఆ ఫ్లెక్సీ మీద బొమ్మగా ఉన్న పిల్లకి హాల్ టికెట్ లేదన్నారు. ఇది నేను కళ్ళారా చూశాను. ఆ పిల్లకి ఆబ్సెంట్లు వేసిన వేలు కూడా నాదే. అందుకే రాస్తున్నాను.

ఫ్లెక్సీ మీద వీరవేణి. తలకి ప్లాస్టిక్ టోపీ, చేతిలో ఫోను, వెనకాల రొయ్యల షెడ్డు. ‘పని చేసుకుంటూనే డిగ్రీ’ అని కింద పెద్దక్షరాలు. అబద్ధం కాదు. ఆన్‌లైన్ కోర్సులు పెట్టిన మూడేళ్ళలో అరవై మంది కాలేజీ నాలుగు వందలయింది. బస్సు రాని ఊళ్ళ ఆడపిల్లలూ, ఇద్దరు బిడ్డల తల్లులూ చదువులోకొచ్చారు. చేపల వేటకెళ్ళే ఇంట్లో మొదటి డిగ్రీ నాది. వాళ్ళకి పాఠం చెబుతుంటే నాకు గర్వంగా ఉండేది.

కానీ పాఠం వింటే చాలదు. పేరు పిలిచిన పది సెకన్లలో కెమెరా పెట్టి, మ్యూట్ తీసి, ‘ప్రెజెంట్’ అనాలి. షెడ్డులో రొయ్యలు ఒలుస్తూ ఐసునీళ్ళలో నానిన వేలికి ఫోను పలకదు. చెయ్యి తుడుచుకుందామని లేస్తే సూపర్‌వైజర్ అరుస్తాడు. షెడ్డు మా కాలేజీ నడిపే కరస్పాండెంట్ చంద్రరావుగారి బావమరిదిది. చెయ్యి ఆరనివ్వనిది ఒకరు, ఆరలేదని పేరు కొట్టేసేది ఒకరు. ఇద్దరూ ఒకే బల్ల మీద భోంచేస్తారు.

వీరవేణి ఉపాయం కనిపెట్టింది. ముక్కుతో నొక్కేది. తెర నిండా ముక్కు, ఆ వెనక ‘ప్రెజెంట్ మేడమ్’. షెడ్డు పిల్లలంతా నేర్చుకున్నారు.

ఒకరోజు చంద్రరావుగారు క్లాసు చూడ్డానికొచ్చారు.

“ఏంటమ్మా ఆ ముక్కు? క్లాసా, సర్కసా? నీచు వాసన ఇక్కడిదాకా కొడుతోంది.”

కొందరు నవ్వారు.

“ముక్కులకి హాజరు లేదు. ఆబ్సెంట్ వెయ్యండి ప్రసన్నకుమారి గారూ.”

“అలాగేనండి” అన్నాను. వేశాను. నెలన్నర వేశాను.

హాజరు చాలక ముప్ఫై ఏడు మందికి హాల్ టికెట్లు ఆగిపోయాయి. అందరూ షెడ్డు వాళ్ళే. వీరవేణికిది ఆఖరి సెమిస్టరు. పరీక్షలు పదిహేను రోజుల్లో.

భోజనాల వేళ షెడ్డుకెళ్ళాను. “క్షమించండమ్మా” అన్నాను.

కూతురితో పాటు డిగ్రీ చదువుతున్న బుల్లెమ్మ బాక్సు మూత తీస్తూ, “మీ క్షమాపణ కూరలో కలుపుకోమంటారా?” అంది.

“ఆయన చెప్పారండీ...”

“ఆయన చెప్పాడు, మీరు నొక్కారు. మీ వేలు పొడిగా ఉంటది మరి!”



“ఆఫీసుకెళ్ళి బతిమాలుదామే” అంది వీరవేణి పక్కన కూర్చున్న మెర్సీ.

“నేను బతిమాలను” అంది వీరవేణి. “నా బొమ్మ ఊరంతా కట్టి, నన్ను నీచంటాడా? ఆయన ముక్కు నేలకి రాయించందే ఊరుకోను. నలభై ఊళ్ళోళ్ళని తెచ్చి ఒక క్లాసులో కూర్చోబెట్టింది ఆయనే. ఎవరికి వాళ్ళం ఏడిస్తే ఎలాగే? ఆ క్లాసులోనే అడుగుదాం.”

శుక్రవారం యూనివర్సిటీ కమిటీ ఆన్‌లైన్‌లో మా క్లాసు చూస్తోంది. చంద్రరావుగారు ఫ్లెక్సీ బొమ్మ తెర మీద పెట్టి, “మా ఎదుగుదల చూడండి సార్” అని అందుకున్నారు. నాలుగు వందల మందీ మ్యూట్‌లో ఉన్నారు. ఆ తాళం నా దగ్గరుంది. ‘ఎవరికీ తియ్యకండి’ అని ముందే చెప్పారు. అలాగేనండి అన్నాను.

తీసేశాను.

ముందు ఒక ముక్కు వచ్చింది. “వీరవేణి, ప్రెజెంట్!” పక్క గడిలో ఇంకో ముక్కు. “బుల్లెమ్మ, ప్రెజెంట్!” ఆ తర్వాత తెరంతా ముక్కులే. ధవళేశ్వరం నుంచీ, బట్టల కొట్లలోంచీ, పొడి చేతులవాళ్ళు కూడా ముక్కుతోనే నొక్కారు. ఆ రోజు నవ్వినవాళ్ళూ నొక్కారు.

“ఏంటండీ ఇది?” అన్నారు కమిటీ పెద్దాయన.

వీరవేణి నానిన రెండు చేతులూ కెమెరాకి చూపించింది. “హాజరండి! ఈ చేతులకి ఫోను పలకదండి. ముక్కుతో పలికితే ఆబ్సెంట్ వేయించారండి. హాల్ టికెట్లు ఆపారండి. బొమ్మ మాత్రం బస్టాండులో కట్టారండి.”

“కట్ చెయ్యండి!” చంద్రరావు నా నెత్తి మీద అరిచాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాను. ఆయనే మౌస్ లాక్కుని కట్ చేశాడు. నన్ను ఉద్యోగంలోంచి తీసేసి, నా మీద పోలీసులకి కాగితం పెట్టాడు.

సోమవారం షెడ్డులో బల్లల దగ్గర ఒక్కరు లేరు. నలభై ఊళ్ళూ కాలేజీ గేటు దగ్గరున్నాయి. వాళ్ళలో నేనూ ఉన్నాను. రొయ్యలు కుళ్ళిపోతున్నాయని బావమరిది చంద్రరావుకి ఫోన్ మీద ఫోన్. పదకొండింటికి అటెండరు గేటు సందులోంచి ముప్ఫై ఏడు హాల్ టికెట్లూ అందించాడు. అందుకున్నారు. ఎవరూ కదల్లేదు.

“ఇచ్చాంగా, ఇంకేం కావాలి?” అన్నాడు అటెండరు.

“నీచు అన్నాయన కావాలి” అంది బుల్లెమ్మ.

అప్పుడే పోలీసు జీపొచ్చింది. నన్ను ఎక్కమని ఒక పోలీసు చెయ్యి పట్టుకున్నాడు.

బస్టాండు ఫ్లెక్సీ వీరవేణి పొద్దున్నే విప్పుకొచ్చింది. ఇప్పుడు దాన్ని తెల్ల వైపు పైకి పెట్టి గేటు ముందు పరిచింది. దాని మీద పేర్లు రాసుంచారు. ఒక్కో పేరూ పిలిచింది. ఒక్కో గొంతూ పలికింది. చివరి పేరు మేడ మీద కరస్పాండెంట్ గదికి వినబడేలా పిలిచింది.

“చంద్రరావు!”

పలుకు లేదు. జనం లెక్కపెట్టారు. ఒకటి... రెండు... పదిదాకా.

“ముక్కు నేలకి రాసేదాకా రోజూ పిలుస్తాం” అని, వీరవేణి జీపు దగ్గరకొచ్చి నా చేతికి పెన్నిచ్చింది. “ఆబ్సెంట్ వెయ్యండి మేడమ్.”

నా వేలు పొడిగానే ఉంది. పోలీసు చెయ్యి విదిలించుకుని, ఫ్లెక్సీ దగ్గరకెళ్ళి, ఆ పేరు మీదికి వంగి, వేశాను.