ముందు చెయ్యి కడిగేదెవరు?

సూర్‌కూ మస్కట్‌కూ మధ్యనున్న ఇబ్రాలో నా హోటల్ నడిచేది నా వంట వల్ల కాదు, ఇద్దరు మగాళ్ళ పంతం వల్ల. సూర్ నుంచి నసీరుద్దీన్ భాయ్ వ్యాన్ వస్తుంది. ఇక్కణ్ణుంచి మస్కట్‌కు జయరాముడి వ్యాన్ పోతుంది. ఒకటి వచ్చేసరికి రెండోది వెళ్ళిపోయి ఉంటుంది. మరో బండి దొరికేదాకా జనం నా బల్లల మీదే కూచుంటారు. కూచున్నవాళ్ళకు ఆకలేస్తుంది.

సూర్‌లో ఇంటిపని చేసే శ్రీలక్ష్మి ఒక శుక్రవారం ఏడ్చినంత పని చేసింది. "వారానికొక్క సెలవండీ! మస్కట్‌లో మా చెల్లిని చూద్దామంటే ఇక్కడే పొద్దు పోతోందండీ."

సరే, బళ్ళు కలుపుదామని ఇద్దరూ నా హోటల్లోనే మాటలకు కూచున్నారు. మధ్యవర్తిని నేనేనట. దొంగ చేతికి తాళాలిచ్చారు.

"నువ్వు జర ఆగరాదు భాయ్, మా సవారీలను ఎక్కించుకొని పో," అన్నాడు నసీర్ భాయ్.

"నేనెందుకు ఆగల్ల? నువ్వే బిర్నా రా!" అన్నాడు మా కడప జయరాముడు.

"అంతే కదన్నా. కాసుకోనుండేవాడు ఎప్పుడూ చిన్నోడే," అన్నాను నేను. మాట ఇద్దరికీ గుచ్చుకుంది. గుచ్చుకోవాలనే అన్నాను.

కానీ శ్రీలక్ష్మి నన్ను మించింది. "హైవే మీద పెట్రోల్ బంకులో కలవండి. ముందొచ్చినోరు డీజిల్ కొట్టించుకుంటారు. అది కాసుకోడం కాదు కదండీ?"

ఇద్దరూ తలూపారు. జనం బంకులో బండి మారితే నా పొయ్యిలో పిల్లి లేవదు.

"డీజిల్ ఎంతసేపు పడ్తాది?" అన్నాను గబగబా. "ఈడికే రాండి. అన్నం తింటావుంటే కాసుకున్నాడని ఎవడంటాడు? మీ ఇద్దరికీ నేనే ఊరికే పెడ్తా."

ఒప్పందం కుదిరింది.

మరుసటి శుక్రవారం ఇద్దరూ ఎదురెదురుగా కూచుని తిన్నారు. జనం బళ్ళు మారి సర్దుకున్నారు. వీళ్ళు మాత్రం లేవరే!

"ఆపా, జర చావల్," అన్నం గిన్నె వైపు చూపించాడు నసీర్ భాయ్.

"అక్కా, నాగ్గూడా ఇంగొంచెం."

అప్పుడు వెలిగింది నాకు. ముందు చెయ్యి కడిగినవాడు రెండోవాడి కోసం కాసుకున్నట్టు లెక్క! జనానికి అమ్మాల్సిన అన్నమంతా ఆ రెండు పళ్ళేల్లోకే పోతోంది. బయట శ్రీలక్ష్మి హారన్ మోగిస్తోంది. గిన్నె అడుగు కనబడింది. నాకు ఒళ్ళు మండింది.

చేతికొక చెంబు నీళ్ళు తీసుకుని, ఇద్దరి చేతుల మీదా ఒక్కసారే కుమ్మరించాను.

రెండు బళ్ళూ కలిసి కదిలాయి. ఆ మధ్యాహ్నం నా హోటల్లో ఆకలితో కూచున్నది నేనొక్కదాన్నే.