వెర్నా సంతకం

"సంతకమేగా వెర్నా, పెట్టెయ్. నీ సొమ్మేం పోయింది?" అన్నాడు డ్వైట్, బిస్కెట్ రొట్టెను గ్రేవీలో ముంచుతూ. బోర్డు నోటీసుకి జవాబు తనే రాసిపెట్టాడు: ఆ ఇంటిని చూసింది నేనే, పొరపాటు నాదే, ఇట్లు వెర్నా.

వెర్నా మాడిన పెనం తోముతూనే ఉంది. కొనబోయే ఇళ్లను పునాది నుంచి కప్పు దాకా చూసి రిపోర్టు ఇవ్వడం ఆ మొగుడూపెళ్లాల పని. ఇద్దరికీ లైసెన్సులున్నాయి. టాన్యా అనే ఆవిడ కొన్న ఇంట్లో మూడు నెలలకే నేల కుంగి, పసిబిడ్డ ఉయ్యాల కోడు చెక్కల్లో దిగబడింది. నేల కింది దూలాలు బాగున్నాయన్న రిపోర్టు కింద వెర్నా సంతకం ఉంది. లైసెన్సు బోర్డు నోటీసు వెర్నాకే వచ్చింది. ఆవిడ ఆ ఇంటి గడపైనా తొక్కలేదు!

"నామీద ఇదివరకే బోర్డు మందలింపు ఒకటి ఉంది కదా, అందుకే నీ పేరు పెట్టాను. నీకిది మొదటిసారి, ఊరికే వదిలేస్తారు," అన్నాడాయన.

ఊరికేనట! చూడని ఇంటిని చూశానని బోర్డుకే అబద్ధం చెబితే లైసెన్సు ఊడుతుంది. ఆ నియమాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. నలభైఆరేళ్ల వయసులో, పొయ్యిమీద చిక్కుళ్లు ఉడుకుతుంటే చదివి, రెండోసారికి పాసైంది. "ఈ వయసులో పరీక్షలేంటమ్మా, విడ్డూరం కాకపోతే," అని అత్తగారు ఒపల్ నవ్వింది. ఇవాళ ఆవిడే ఫోన్ చేసి, "మొగుణ్ణి కాపాడుకోవడం కూడా నేర్పాలా?" అంటోంది. ఒళ్లు మండిపోయింది వెర్నాకి. ఎప్పుడూ తనచేత రిపోర్టులు టైపు చేయించే డ్వైట్ ఆ ఒక్క రిపోర్టూ సొంతంగా చేసుకుంటే, పోన్లే, నా కష్టం కనబడిందని మురిసిపోయింది, పిచ్చిది. నేల చెక్కల కిందుండే ఇరుకు ఖాళీలో పాకి వచ్చానన్న ఆయన బట్టలకి ఆరోజు మట్టి మరకైనా లేదు. అదేమని అడిగితే "నామీద నిఘానా?" అని కసిరాడు. నోరు మూసుకుని ఉతికింది. ఆ నోరు మూసుకున్నందుకే ఇప్పుడు సిగ్గేసింది.

పెనం సింకులో వదిలేసి, టార్చీ, స్క్రూడ్రైవరూ తీసుకుని టాన్యా ఇంటికెళ్లింది.

"మీరా వెర్నా? ఆరోజు వచ్చింది ఒకాయన కదండీ! పది నిమిషాలు కూడా ఉండలేదు," అంది టాన్యా, చంకలో బిడ్డతో.

"తెలుసమ్మా. నన్నొకసారి కిందికి పోనీ."

బోర్లా పడుకుని నేల కిందికి పాకింది. పుచ్చిన దూలంలో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది.

సాయంత్రం డ్వైట్ గుమ్మంలోనే అడిగాడు, "పెట్టావా?"

"పెట్టాను."

"నా బంగారం!"

"నువ్వు రాసిన కాగితం మీద కాదు. ఇవాళ నేను పాకి చూసినదాని కింద, ఇవాళ్టి తేదీ వేసి పెట్టాను. ఆరోజు వెళ్లింది నువ్వేననీ, నా సంతకం నువ్వే పెట్టావనీ రాశాను. బోర్డుకి పోస్టులో వేసొచ్చాను. ఇక నీ నోటీసు నీకొస్తుంది."