మేడగది సెన్సరు

వీధిలో అందరూ ఆమెను పళ్ళావిడ అంటారు. బుట్ట పెట్టుకుని అమ్మే మనిషి కాదు. కట్టుడుపళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. మైనపు పన్నును వెంట్రుకవాసి తేడా లేకుండా అరగదీసే ఆ కళ్ళకు మనుషుల్లో కూడా ముందు ఎగుడుదిగుళ్ళే కనబడేవి.

భర్త దూరాలు తిరిగే లారీ డ్రైవరు. నెలలో వారం ఇంట్లో ఉంటే గొప్ప. పై వాటాలో ఆమె, కింది వాటాలో మరిది, తోడికోడలు. ఒకరోజు మరిది పైకి వచ్చాడు.

"వదినా, ఇంటికి స్మార్ట్ హబ్ ఒకటి పెట్టిద్దాం. గ్యాసు లీకైనా, ఎవరైనా తలుపు తీసినా ఫోనుకు చెప్పేస్తుంది."

నా తలుపుతో ఇతనికేం పని? ఆమెకు తోచిన మొదటి ఆలోచన అది. మామగారు పోయాక ఇంటి పంపకం మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటి దస్తావేజులు మేడగదిలో ఏ పెట్టెలో ఉన్నాయో ఎవరికీ సరిగ్గా తెలియదు.

"సరే, పెట్టిద్దాం. కానీ ఏది కొనాలో నేనే చూస్తాను," అంది.

దుకాణంలో మూడు డబ్బాలు ముందు పెట్టారు.

"మా తలుపుల సంగతులన్నీ ఎక్కడికి పోతాయి?" అని అడిగింది.

మొదటి దానివి కంపెనీకి పోతాయట. పక్కన పెట్టించింది. రెండోది నెట్ పోతే మూగబోతుందట. దాన్నీ వద్దంది. మూడోది అన్నీ తనలోనే దాచుకుంటుంది, నెట్ ఉన్నా లేకున్నా పనిచేస్తుంది.

"ఇది మెష్ అమ్మా," అన్నాడు దుకాణదారు. "ప్లగ్గులో ఉన్న ప్రతి వస్తువూ సిగ్నల్ అందుకుని పక్కదానికి అందిస్తుంది. బ్యాటరీవి మాత్రం తమ మాట తాము చెప్పుకుంటాయి, అంతే."

హబ్‌ను తన హాల్లోనే పెట్టుకుంది. కింది వంటింట్లో గ్యాసు సెన్సరు ఎంతకీ కలవలేదు. మెట్ల మలుపులో ఒక స్మార్ట్ ప్లగ్గు గుచ్చాక నిమిషంలో కలిసింది. మేడగది తలుపు చట్రానికి సెన్సరు, రెక్కకు అయస్కాంతం తానే గీత గీసి మరీ అతికించింది. మరిది ఫోన్లో యాప్ వేయక తప్పలేదు. వాళ్ళ వంటిల్లు కూడా దీని కిందే ఉంది మరి.

నాలుగో రోజు సాయంత్రం యాప్ తెరిచి చూసింది. మేడగది తలుపు పదకొండుంపావుకు తెరుచుకుంది. మూడున్నరకు ఇంకోసారి. ఆ వేళకు ముగ్గురూ పనుల్లో ఉంటారు. మర్నాడూ అంతే.

మరిదిని అడిగితే నవ్వేశాడు. "కొత్త మిషను కదా వదినా, ఏదో తప్పు చూపించి ఉంటుంది."

నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. ఆమె పైకి వెళ్ళి తలుపు పదిసార్లు తీసి వేసింది. పదిసార్లూ యాప్‌లో సరిగ్గానే పడింది. దస్తావేజుల కోసమే, ఇంకేముంది!

మర్నాడు ఒక పూట సెలవు పెట్టింది. చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా మెట్లెక్కి, ఒక్కసారిగా తలుపు తోసింది.

పాత ట్రంకు మీద తోడికోడలు కూర్చుని ఉంది. ఇస్త్రీ చీర, భుజాన సంచి, ఒళ్ళో మూత తీయని టిఫిన్ డబ్బా.

"ఉద్యోగం పోయి మూడు వారాలైంది అక్కా," అంది తల దించుకుని. ఎక్స్‌రే సెంటరులో కౌంటరు మీద ఆమె పని. "మానెయ్యమని ఈయన ఎప్పట్నుంచో పోరుతున్నాడు. పోయిందంటే మంచిదే అంటాడు. ఆ మాట వినలేను. రోజూ బయల్దేరినట్టే బయల్దేరి, వెనక మెట్ల మీంచి వస్తున్నా. నీకెలా తెలిసింది?"

పళ్ళావిడ ఫోను చూపించింది. తోడికోడలు ఆ అంకెలు చాలాసేపు చూసింది.

"ఇన్నాళ్ళూ నన్ను లెక్కపెడుతున్నావా అక్కా?"

పళ్ళావిడ తలుపు వైపు తిరిగింది. గోటితో సెన్సరు ఊడదీసి పమిటకొంగున కట్టుకుంది, యాప్‌లోంచి కూడా తీసేసింది.

సాయంత్రం మరిది పైకొచ్చాడు. "మేడగది లిస్టులో కనబడట్లేదేంటి వదినా?"

"అంటే రోజూ చూస్తున్నావన్నమాట!"

అతను ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. "మొదటిరోజే చూశా. నువ్వే అనుకున్నా. దస్తావేజుల కోసం పనిలోంచి వచ్చి వెతుకుతున్నావని..."

ఆమెకు ఒళ్ళు మండింది. అంతలోనే సిగ్గేసింది. తాను అనుకున్నదీ అదే కదా.

"ఆ గదిలో ఉన్నది నేను," అంది మెట్ల మలుపులోంచి తోడికోడలు. పైకి వచ్చి అంతా చెప్పింది, దాచకుండా.

అతను మంచిదే అనలేదు. "ఆ రేకుల కింద ఎండలో ఎలా ఉన్నావే?" అన్నాడు.

రెండు నెలలకు తోడికోడలికి కళ్ళ ఆసుపత్రిలో పని దొరికింది. మొదటిరోజు బండి మీద దింపుతానన్నాడు మొగుడు.

"బస్సులో వెళ్తాలే," అందామె.