గులాబీరంగు కన్నం

కంప్యూటర్లో శబ్దం పోయింది. పోగొట్టింది మొగుడే.

ఆమెది ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఆసుపత్రి డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన మాటలు విని టైపు చెయ్యాలి. మొదట్లో హెడ్‌ఫోన్లు ఉండేవి. పిలిస్తే పలకడం లేదని అతను వాటిని కాలికింద వేసి తొక్కాడు. తర్వాత స్పీకర్లు కొనుక్కుంది. ఇంట్లో పరాయి మగాడి గొంతేమిటని ఒక పొద్దున వాటిని గోడకేసి కొట్టాడు. ఆ గోడకి అంతకుముందే మిక్సీ మూత తగిలింది, గడియారం తగిలింది, ఆమె ముందుపన్ను తగిలింది. విసిరేశాక తనే ఏరి సర్దడం అతని అలవాటు. సర్దుతాడు కాబట్టి తను మంచివాణ్ణని గట్టి నమ్మకం. ఆ రోజు కూడా స్పీకర్లు తీసి బల్ల మీద పెట్టి, వైరు కంప్యూటర్ వెనక ఏదో కన్నంలో కుక్కి, "ఏం కాలేదు, నిక్షేపంలా ఉన్నాయి" అని స్నానానికి వెళ్ళిపోయాడు.

ఉన్నాయో లేవో చూసే అవసరం అప్పట్లో రాలేదు. డాక్టర్లు సమ్మెలోకి దిగారు. ఆ వారాలన్నీ ఆమెకి పని లేదు. ఆమె ఖాళీగా కనిపిస్తే అతనికి చెయ్యి దురద. అన్నం మెత్తబడిందని ఒకసారి, కిటికీ తీసి ఉందని ఒకసారి, ఏమీ దొరక్కపోతే మొహం అలా పెట్టావేమని ఒకసారి. పక్కగదిలో ఉండే అత్తగారికి చెవుడు. కుక్కర్ కూతలు లెక్కపెట్టగలదు, వీధి చివర కూరగాయల బండి కేక వినగలదు, కోడలి కేక మాత్రం వినపడదు.

సమ్మె అయిపోయింది. మర్నాడు పొద్దున్నే ఫైళ్ళు వచ్చిపడ్డాయి. తెరిస్తే తెర మీద గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి, చప్పుడు లేదు. సాయంత్రానికల్లా పంపకపోతే పని ఇంకొకరికి పోతుంది. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ పని ఒక్కటే. చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలి ఉద్యోగమే అది. కంప్యూటర్లు పాడైనవాళ్ళు ఫోన్ చేస్తే ఏం చెయ్యాలో చెప్పడం.

చెల్లెలు ఆఫీసు గొంతుతోనే మొదలుపెట్టింది. ఆపి మళ్ళీ వేశావా అంది. వేసింది. తెర మూల స్పీకర్ బొమ్మ మీద అడ్డగీత ఉందా అంది. లేదు. స్పీకర్ లైటు వెలుగుతోందా అంది. వెలుగుతోంది, ముట్టుకుంటే కాలుతోంది.

"ఎత్తి చూడు."

ఆమె ఎత్తబోయింది. అరచేతిలో ఇమిడే పెట్టె రెండు చేతులా పట్టినా బల్ల మీంచి లేవలేదు. ఆ మాటే చెప్పింది.

"వెనక వైరు ఏ రంగు కన్నంలో ఉంది?"

"గులాబీ."

"అది మైకుదే, అక్కా. స్పీకర్ ఆకుపచ్చ దాంట్లో ఉంటే చెబుతుంది, గులాబీ దాంట్లో ఉంటే వింటుంది. నిండిపోయింది, అందుకే ఆ బరువు. ఎప్పట్నించి అలా ఉంది?"

"సమ్మెకి ముందునించి."

చెల్లెలు ఆఫీసు గొంతులోనే చెప్పింది. ఇలాంటివి తమకి వస్తూనే ఉంటాయట. ఆకుపచ్చ దాంట్లోకి మార్చగానే విన్నదంతా విన్న వరసలోనే వదులుతుంది. ఎవరి చేతి దెబ్బ వాళ్ళకే పోతుంది. ఆ మనిషి ఇంట్లో లేకపోతే గోడకి పోతుంది, నాలుగు పెచ్చులూడతాయి.

"బావ వెళ్ళాక మార్చు. వాల్యూమ్ బాగా తగ్గించుకుని మార్చు."

ఆమె సరేనంది. అతను డ్యూటీకి బయల్దేరాలి, ఇంకాసేపట్లో వెళ్ళిపోతాడు. గోడకి సున్నం వేయించుకోవచ్చు అనుకుంది. ఆమె అనుకున్నది నిజంగా అంతే.

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ గదిలోకి వచ్చాడు. వచ్చేసరికి ఆమె చెవి దగ్గర ఫోను, తెర మీద కదలని పని. అక్కచెల్లెళ్ళ కబుర్లు పొద్దున్నే మొదలా అన్నాడు. శబ్దం రావడం లేదని ఆమె చెప్పింది. ఇంత చిన్న విషయం చేతకాక దానికో సలహాదారు కూడానా అంటూ జుట్టు పట్టి కుర్చీలోంచి లాగాడు. నుదురు బల్ల అంచుకి కొట్టుకుంది. కనుబొమ మీంచి రక్తం కంట్లోకి దిగింది. ఫోను బల్ల కింద పడింది, కట్ కాలేదు.

శబ్దం రాకపోతే అతనికి తెలిసిన వైద్యం ఒకటే. స్పీకర్ మీది గుండ్రటి బొత్తాం చివరిదాకా తిప్పాడు. తెర మీద కూడా వాల్యూమ్ చివరిదాకా లాగాడు. అప్పటికీ రాకపోయేసరికి వంగి వెనక్కి చూసి, వైరు పట్టి పీకాడు.

"అది నిండి ఉందండీ" అంది ఆమె.

"నిండింది నీ నోరు" అని అతను ఆకుపచ్చ దాంట్లో గుచ్చాడు.

మొదట వచ్చింది చెంపదెబ్బ. అన్నం మెత్తబడిన రోజుది. కొట్టినప్పుడు అది మామూలు చెంపదెబ్బే, ఇప్పుడు ఫుల్ వాల్యూమ్‌లో వచ్చింది. అతని తల భుజం దాకా తిరిగి, నోట్లోంచి పన్ను ఎగిరి కీబోర్డు మీద పడింది. ఎవరు కొట్టారో చూద్దామని తిరిగేలోపే కిటికీ రోజు వచ్చింది. కడుపులో మోకాలు. అతను రెండుగా మడతపడ్డాడు. ఆపైన బెల్టు. చొక్కా వీపు పొడవునా చిరుగుతూ పోయింది, చిరిగిన చోటల్లా ఎర్రగా తేలింది. గది గుమ్మం దాకా పాకాడు. గుమ్మం దగ్గర తలుపుసందులో వేళ్ళు నలిపిన రోజు అందుకుంది. కర్ర విరిగిన చప్పుడయింది, విరిగింది కర్ర కాదు.

ఆమె గోడకి ఆనుకుని వింటోంది. రోజూ చేసే పనే కావడంతో మనసులో టైపు అయిపోతోంది. కుడిచేతి రెండు వేళ్ళు విరిగినవి. కింది పెదవి చీలినది. ఎడమ చెవి వెనక చర్మం చిట్లినది. మెట్ల మీంచి జారిపడ్డట్టు చెబుతున్నారు. ఆ చివరి వాక్యం డాక్టర్ల నోటివెంట ఎన్నోసార్లు విని టైపు చేసింది. తనూ ఒకసారి చెప్పుకుంది.

అత్తగారు పరిగెత్తుకొచ్చింది. "ఆపవే, చచ్చిపోతాడు వాడు. ఏమిటే ఆ చప్పుడు, చెవులు బద్దలైపోతున్నాయి."

"వినపడుతోందా అత్తయ్యా?" అంది ఆమె.

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది.

ఉన్నట్టుండి గది నిశ్శబ్దమైపోయింది. స్పీకర్లోంచి ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు, ఎవరో బరువుగా ఊపిరి పీలుస్తున్న చప్పుడు. అంతే. అదేమిటో ఆమెకి వెంటనే తెలిసింది. మొన్నటిది. మొన్న అతను ఆమె గొంతు పట్టుకున్నాడు. గొంతు పట్టుకుంటే కేక ఉండదు. కళ్ళు చీకట్లు కమ్మాక, వీధిలో ఎవరో తలుపు కొడితే వదిలాడు. అప్పుడు ఉత్త చేతులతోనే అంత పని అయింది.

నేల మీద అతని మెడ ఒక పక్క లోపలికి సొట్టపోయింది. తర్వాత రెండో పక్క. కళ్ళు బయటికొచ్చాయి. కాళ్ళు టైల్స్ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

బల్ల కిందనించి చెల్లెలు పిలిచింది. "అక్కా, ఎక్కడిదాకా వచ్చింది?"

"మొన్నటిది."

"మొన్నటిదేమిటి?"

"గొంతు."

చెల్లెలి గొంతులో ఆఫీసు లేదు. "మ్యూట్ నొక్కితే ఆగుతుంది. మిగిలింది లోపలే ఉంటుంది. నొక్కుతావో మానతావో నీ ఇష్టం. నేనేం అనుకోను."

ఆమె కీబోర్డు దగ్గరికి వెళ్ళింది. అతను ఆమె కాళ్ళకేసి చూస్తున్నాడు, పైకి చూడ్డానికి మెడ తిరగడం లేదు. కాళ్ళు కొట్టుకోవడం నెమ్మదించింది. జాలి వస్తుందేమోనని చూసింది, రాలేదు. చంపేపని అతను మొదలుపెట్టినది, దాన్ని తను కూర్చుని పూర్తి చెయ్యడం నచ్చలేదు. అతని పనులు చేసిపెట్టింది చాలనిపించింది. కీబోర్డు మీద పడ్డ పన్ను పక్కకి తోసి మ్యూట్ నొక్కింది.

అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. వాళ్ళు ఏమైందని అడిగితే స్పీకర్ వైరు మార్చాడంది. వాళ్ళు రాసుకున్నారు. అతన్ని ఎక్కించాక కంప్యూటర్, స్పీకర్లు సర్దుకుంది. స్పీకర్ ఇప్పుడు ఒంటిచేత్తో లేచింది, కొంచెం బరువుంది అంతే. వాడికి నయమయ్యేదాకా అయినా ఉండమని అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆమె పక్కనించి దారి చేసుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయింది. కనుబొమకి కట్టు కట్టుకుని, చెల్లెలి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, సాయంత్రానికి ఫైళ్ళన్నీ పంపింది.

అతను బతికాడు. వేళ్ళు అతికాయి, గొంతు మాత్రం తిరిగి రాలేదు. కొంతకాలానికి అతని పెదనాన్న రాయబారం వచ్చాడు. వాడు పూర్తిగా మారిపోయాడమ్మా, చెయ్యెత్తడు, అరవడానికి గొంతే లేదు, ఇంకా దేనికి భయం అన్నాడు. ఆమె ఆయన చెప్పింది చివరిదాకా విని మంచినీళ్ళిచ్చింది.

"భయమై కాదండీ. రాను" అంది.

పెద్దాయన ఆ తర్వాత కూడా చాలాసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా మంచినీళ్ళిచ్చింది. వెళ్ళలేదు.