వెండినీళ్ళకి ఎన్ని వోల్టులు

గురువమ్మ చేపల గంప మా వీధికి రాక పన్నెండు రోజులైంది. పదమూడో రోజు పొద్దున్న ఆమె భర్త గంగరాజు వచ్చాడు. నేను స్టీల్‌ప్లాంటు ఎలక్ట్రికల్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యానని తెలుసు కనక, గుమ్మంలోనే అడిగాడు.

"సారూ, వెండినీళ్ళకి ఎన్ని వోల్టులెట్టాల? కరెంటు ఎంతుండాల?"

గురువమ్మకి షుగరు. కాలి బొటనవేలికి పుండు పడిందట. ఆసుపత్రికి వెళితే వేలు తీసేస్తారని ఆమె భయం. నీళ్ళలో రెండు వెండి తీగలు పెట్టి కరెంటు పంపితే, ఆ నీళ్ళు ఎంతటి పుండునైనా మాన్పుతాయని ఫోన్లో ఎవరో చెప్పారట. సాయంత్రం నుంచి తాగిస్తాడట.

నా భార్య పద్మావతి మంచాన పడ్డ ఏడాది, గురువమ్మ అడక్కుండానే చేప శుభ్రం చేసి, ముళ్ళు కూడా తీసి ఇచ్చి వెళ్ళేది. కరెంటు కొలిచే మీటరు సంచిలో వేసుకుని గంగరాజు వెంట వాళ్ళ ఊరు గంగవరం వెళ్ళాను.

అరుగు మీద స్టీలు గిన్నె, పక్కన రెండు బోటు బ్యాటరీలు. గిన్నెలో నీళ్ళు విరిగిన పాలలా ఉన్నాయి.

"ఇవేం నీళ్ళు?"

"కుళాయివే సార్. ఎంతకీ ఏటీ కదల్లేదని ఉప్పేసినాను. అప్పుడు సూడండి, బుడగలే బుడగలు."

మీటరు కలిపాను. అర ఆంపియరు.

"ఈ వెండినీళ్ళవాళ్ళు చెప్పేది అయిదారు మిల్లీఆంపియర్లు. నువ్వు దానికి వంద రెట్లు పంపుతున్నావు. వోల్టేజి నెడుతుంది, వెండిని అరగదీసేది కరెంటు. ఉప్పు వేస్తే దానికి గేట్లెత్తినట్టే."

"అయితే ఉప్పు మానేసి ఒక బ్యాటరీ తీసేత్తాను. ఎంతెట్టాలో మీరే సెప్పండి."

చెప్పగలను. అంకె నాలుక చివరిదాకా వచ్చింది. పద్మావతికి జ్వరం మొదలైనప్పుడు నేనూ థర్మామీటరు అంకెలు కాగితం మీద రాసుకుంటూ నాలుగు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఇంట్లోనే కూర్చున్నాను. అంకె సరిగ్గా రాస్తే ఏదో చేస్తున్నట్టే ఉంటుంది.

"ఎంత పెట్టినా ఇది పుండు మాన్పదు, గంగరాజూ. వెండినీళ్ళు తాగీ తాగీ ఒళ్ళు నీలంగా మారినవాళ్ళున్నారు."

బ్యాటరీ తీగ ఊడదీసి, గిన్నెలోది పైకెత్తాను. వెండి తీగ కాదు, కాలిపట్టీ. వాపుకి గురువమ్మ విప్పి పెట్టిన జత అది. ప్లస్సుకి కలిపినది సగానికి సగం అరిగి, అతుకుల దగ్గర పచ్చబడింది.

"ఇందులో వెండొక్కటే కాదు, రాగి అతుకులూ ఉన్నాయి. అవీ ఈ గిన్నెలోకే దిగాయి."

గోడ పట్టుకుని గురువమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటది? నా పట్టీలా? తీగలు కొంటానన్నావు."

గంగరాజు సముద్రం వైపు చూశాడు. "నీ వెండయితే నీ ఒంటికి పడతాదని..."

"మాయమ్మ ఎట్టినవి. ఒకటి తినీసినావు." నావైపు తిరిగింది. "బాబూ, ఏలు తీసేత్తారా?"

"తెలీదమ్మా. ఇంకా ఆలస్యం చేస్తే వేలితో పోకపోవచ్చు. నేనూ వస్తాను."

ఆమె మొగుడిని ఎగాదిగా చూసింది. "పదండి బాబూ. నాను ఇంటికాడుంటే ఈయన రెండోది కూడా ఉడకబెట్టీత్తాడు."

ఆసుపత్రిలో పుండు కోసి శుభ్రం చేశారు. రోజూ కట్టు మార్పించుకుంటే వేలు దక్కుతుందన్నారు. ఆ మాట విన్నాక గంగరాజు బయటికి వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చాడు. తనది తాగడం మరిచిపోయాడు.

నెల తిరిగాక గురువమ్మ గంప లేకుండా మా గుమ్మంలోకి వచ్చి, మెట్టు మీద కాలు పెట్టి చూపించింది. వేలికి చిన్న కట్టు. వాపు తగ్గిన చీలమండకి అరిగిపోయిన పట్టీ. తెగిన చోట నీలం వలతాడుతో బిగించిన ముడి.

"ఆయనే కట్టినాడు," అంది. "విప్పమంటే విప్పడు."