ఎంగిలి బూరలు

చింతపండు గుజ్జుతో ఇత్తడి బూర తోముతున్న సాయిపద్మకి నవ్వొచ్చింది. తోమి వదిలించాల్సింది చిలుముని కాదు, తన పెదవులనట.

బరంపురంలో మసాలా దినుసుల హోల్‌సేల్ కొట్టున్న లక్ష్మణరావు భార్య ఆమె. డిగ్రీ రోజుల్లో కాలేజీ బ్యాండులో బూర ఊదేది. అమ్మవారి ఊరేగింపు కోసం ఉత్సవ కమిటీ వాళ్ళు బూరలు కొంటే, వీధిలో ఆడవాళ్ళని పోగేసి నేర్పింది. కొత్తగా పట్టినవాళ్ళకి పలికేవి మూడు స్వరాలే. ఆ మూడింటితోనే అమ్మవారి మీద పాట కట్టింది. కుక్కర్ కూతల మధ్య కట్టిన పాట కదా, ఊపిరి తీసుకునే చోట్లు మాత్రం దండిగా పెట్టింది. ఇంట్లో తనకి దొరకనివి అవే.

ఊరేగింపు ఇవాళ సాయంత్రం. నిన్న టిఫిను దగ్గర భర్త చల్లగా చెప్పాడు.

"మీరు ఊదొద్దంట. ఆడోళ్ళ నోరు తగిల్న బూర అమ్మోరి ముందు ఎంగిలని కమిటీ అంటన్నారు. మా కుర్రోళ్ళు ఊదుతారు. నీ పాటేలే. మూడు సురాలే కదేటి, ఓ పూటలో వచ్చీస్తాది."

"మరి వాళ్ళ నోళ్ళో?"

"మగోడి నోటికి ఎంగిలేటే? పంతులుగారు శంకం ఊదట్లేదా?"

అత్తగారు కూర్మమ్మ అందుకుంది. "బాగా తోమి పసుపునీళ్ళు సల్లు పద్మా, సుద్ధైపోతాయి. తోమడం నీకు బాగా వొచ్చు."

లక్ష్మణరావు సగం తిన్న ఇడ్లీ కంచం ఆమె వైపు తోసి, "వేస్టు సెయ్యకు, తినీయి" అని లేచాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ కంచంలోనే తింటోంది. అందులో ఎంగిలి ఎవరికీ కనబడలేదు. నిన్న కూడా తినేసింది.

తోమడం ముగించి, ఆఖరి బూర మీద పసుపునీళ్ళు చల్లి, అన్నిటినీ పెరటి అరుగు మీద వరసగా పెట్టింది. పసుపు చుక్కలతో పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. వీధిలో ఆటో ఆగింది. బూరల కోసం కమిటీవాళ్ళు భర్త వెంట లోపలికొస్తున్న చప్పుడు.

సాయిపద్మ మొదటి బూర ఎత్తి పెదవులకి ఆనించి, తన పాటలో "అమ్మా" అన్న చోటి స్వరం పొడుగ్గా ఊదింది. దింపి రెండోది ఎత్తింది. తరవాత మూడోది.

"పిచ్చెక్కిందేటే!" లక్ష్మణరావు పరుగెత్తుకొచ్చాడు. "అన్నీ మళ్ళీ ఎంగిలి సేసీసినావు! ఊరేగింపుకి టైమైపోతంది, తోము!"

"మీరే తోమండి," నాలుగో బూర అందుకుంటూ అంది. "మీరొకటి తోమీలోగా నేనింకోటి ఊదీస్తాను."