గాలి కోసం ఒక విమానం

దొడ్డమునియప్పకు ఆ పొద్దు కావలసింది ఒక్కటే. గాలి.

గనులు మూతపడ్డాక, కేజీఎఫ్ శివారులోని పాత రన్‌వే చుట్టుపక్కల రైతులకు కళ్ళమైపోయింది. ఒకప్పుడు దొరల విమానాలు దిగిన ఆ నేల మీదే దొడ్డమునియప్ప తన రాగులు నూర్చాడు. గింజా పొట్టూ కలిసి కుప్పగా పడి ఉన్నాయి. తూర్పారపట్టి సంచులకెత్తాలి. గాలి చూస్తే ఆకు కూడా కదపడం లేదు. తూర్పున మబ్బు మాత్రం నల్లటి ఎనుబోతులా లేచి నిలబడింది. తడిస్తే రాగులు మొలకెత్తుతాయి. ఏడాది సంగటి నేలపాలే.

అంతలో జీపు దిగాడు చిన్మయ్. టూరిస్టులను విమానంలో తెచ్చి గనులు చూపిస్తామంటున్న బెంగళూరు కంపెనీకి మేనేజరు. తెల్ల చొక్కా, చేతిలో పూలగుత్తి.

"తాతా, ఇదంతా తీసెయ్! ఇప్పుడే విమానం దిగుతుంది, ట్రయలు!"

"యాడికి తీసేదప్పా? రోంత పక్కన దింపుకోమను."

"అది ఆటో కాదు తాతా!"

"గాలొస్తే నేనే పోతాను. తెప్పించు గాలి."

"ఏమయ్యా, ఆయప్పతో మాటలేంది? ఆ మబ్బు జూడు!" చేట ఊపుతూ కేకేసింది భార్య పిల్లమ్మ.

ఆకాశంలో రొద. చిన్మయ్ ఫోను తీసేలోపే చిన్న విమానం నేలను తాకింది. కంకర మీద చక్రాలు జారాయి. బ్రేకులు పట్టలేదు. రాగుల కుప్పను రాసుకున్నట్టు దాటి, బంగారం తీశాక గనులవాళ్ళు పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బ ఎదురుగా ఉంటే దాని వైపు దూసుకుపోయింది. దిబ్బకు ముందు దొడ్డమునియప్ప ఆరబెట్టిన రాగి గడ్డి పరుపులా మందంగా పరిచి ఉంది. విమానం అందులో కూరుకుని, చక్రాలకు గడ్డి చుట్టుకుని, ఆగింది.

ముందున్న ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. వెనక కుప్ప మీద పొట్టు లేచిపోతోంది. గింజ నిలుస్తోంది.

"గాలి!" అరిచాడు దొడ్డమునియప్ప. అంతలో ఇంజను ఆగిపోయింది. "అయ్యో, ఆపొద్దప్పా!"

పైలట్ వినుత తలుపు తోసుకుని గడ్డిలోకి దిగింది.

"రన్‌వే మీద గడ్డా! ఈ తాత మీద కేసు పెడతాను మేడం!" అన్నాడు చిన్మయ్.

"ఈ గడ్డి లేకపోతే నేను ఆ దిబ్బలో ఉండేదాన్ని. రన్‌వే బ్రహ్మాండంగా ఉందని చెప్పింది మీరే కదా?"

వినుత దొడ్డమునియప్ప వైపు తిరిగింది.

"తాతా, నీకేం కావాలో అడుగు."

"అది ఇంగొకసారి తిప్పు తల్లీ."

వినుత నవ్వి, ఎక్కి ఇంజను స్టార్టు చేసింది. తొలి దెబ్బకే పొట్టుతోపాటు గింజలూ ఎగిరాయి.

"తగ్గించమ్మా! మా రాగులు బంగారుపేటలో పడతాయి!" అరుస్తూ పిల్లమ్మ చేట కిందికి దించింది. ఇంజను తగ్గింది. చేట పైకెత్తింది. ఇంజను హెచ్చింది. ఆ తర్వాత విమానం పిల్లమ్మ చేట చెప్పినట్టల్లా విన్నది. దొడ్డమునియప్ప గంపతో ఎత్తి పోస్తుంటే గింజ కిందికి, పొట్టు చిన్మయ్ మీదికి.

"సార్, ఊరికే నిలబడినావే! సంచి మూతి పట్టుకో!" అంది పిల్లమ్మ.

పట్టుకున్నాడు. చివరి సంచి చిన్మయ్ జీపులోకి ఎక్కగానే తొలి చినుకులు పడ్డాయి.

"వచ్చే నెల ఉలవలు నూరుస్తాము తల్లీ. ఇంగో ట్రయలు అప్పుడు పెట్టుకోండి," అన్నాడు దొడ్డమునియప్ప.

"ఆయప్పను గూడా పిల్చుకొని రామ్మా," అంది పిల్లమ్మ. "సంచి బాగా పట్టుకుంటాడు."